అమానతుగా అందిన బిడ్డ

(బిచ్కుందలో జుమా నాడు చేసిన తెలుగు ప్రసంగ పాఠం)

మనకు ఊపిరినీ, రూపాన్నీ, సంతానాన్నీ ప్రసాదించిన అల్లాహ్‌కే సమస్త స్తోత్రాలు. ఆయన అంతిమ ప్రవక్త హజ్రత్ ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) పైనా, ఆయన కుటుంబీకులపైనా, సహచరులపైనా శాంతి శుభాలు వర్షించుగాక.



ఈ మింబర్ మీద నిలబడి మేము జకాతు గురించి చెప్పాము, వడ్డీ గురించి చెప్పాము, పెళ్ళిళ్ళలో దుబారా గురించి ప్రతి ఏటా చెబుతూనే ఉన్నాము. కానీ మన ఇళ్ళలో, ముఖ్యంగా వెనుక గదుల్లో, మంచానికే పరిమితమై పెరుగుతున్న బిడ్డల గురించి ఒక్క జుమాలోనూ మాట్లాడలేదు. ఆ లోటు మాదే. దాని వెనుక మా పొరపాటు ఒకటి ఉంది. దానిని మీ ముందు ఒప్పుకొని తరువాత అసలు విషయంలోకి వెళతాము.

కొన్నేళ్ళ కిందట ఇదే జుమా నమాజులో వెనుక వరుస నుండి ఒక పిల్లవాడి కేక వినిపించింది. మొదటి రకాతులో ఒకసారి, రెండవ రకాతులో మూడు సార్లు. పదేళ్ళ బాలుడు. మాటలు రావు. సంతోషం వచ్చినా కేకే, భయం వచ్చినా కేకే. సలాము తరువాత ఇద్దరు పెద్దలు విసుక్కున్నారు. మేము ఆ తండ్రిని దగ్గరకు పిలిచి, “బాబును ఈసారి ఇంట్లో వదిలి రండి, నమాజీలకు ఏకాగ్రత చెదురుతున్నది” అన్నాము. మెల్లగానే అన్నాము. ఆయన కూడా మెల్లగానే, “జీ, మౌలానా సాబ్” అని తల వంచుకొని వెళ్ళిపోయారు. ఆ తరువాత వారం ఆయన రాలేదు. నెల గడిచినా రాలేదు. రమజానులో కూడా కనిపించకపోతే మేమే వారింటికి వెళ్ళాము. ఆ మనిషి చాప పరిచి, చాయ్ తెప్పించి, చివరకు అన్న మాట ఇది: “వాడి అమ్మ వారానికి ఆరు రోజులు మోస్తుంది, హజ్రత్. శుక్రవారం ఒక్క పూట నేను మోస్తే ఆమె తల స్నానం చేసి తన నమాజు తాను చదువుకుంటుంది. వాణ్ణి ఇంట్లో వదిలి రమ్మన్నారు. అంటే ఆమెను కూడా వదిలేసి రమ్మన్నట్టే కదా.”

మేము మదరసాలో ఏళ్ళ తరబడి హదీసులు చదువుకున్నాము. ఆ చాప మీద కూర్చున్నప్పుడు గుర్తుకొచ్చిన హదీసు నమాజు చదివించేటప్పుడు మాత్రం గుర్తుకు రాలేదు. దైవప్రవక్త (స) నమాజును దీర్ఘంగా చేయాలని నిలబడేవారు. వరుసల్లో ఏదో పసిబిడ్డ ఏడుపు వినిపించగానే, ఆ తల్లి మనసు ఎంత తల్లడిల్లుతుందోనని నమాజును కుదించేవారు. బిడ్డను బయటకు పంపమని అనలేదు. తల్లిని ఇంట్లో ఉండమని అనలేదు. కుదించుకున్నది తన నమాజును. మనవరాలు ఉమామా (రజి)ను భుజాన ఎత్తుకొనే నమాజు చేయించి, సజ్దాకు వెళ్ళేటప్పుడు దించి, లేచేటప్పుడు మళ్ళీ ఎత్తుకున్నారు. ఆ మస్జిద్ వారసులమని చెప్పుకొనే మనం ఒక కేకకు ఓర్చుకోలేకపోయాము.

సోదరులారా! దివ్య ఖుర్ఆన్‌లో “అబస” అనే 80వ సూరా ఏ సందర్భంలో అవతరించిందో మీలో చాలామందికి తెలుసు. దైవప్రవక్త (స) ఖురైష్ నాయకులతో ధర్మబోధ చేస్తున్న వేళ ఒక అంధుడు వచ్చి, తనకు నేర్పమని అడిగారు. ప్రవక్త ముఖం కాస్త ముడిచారు. అంధుడు ఆ ముఖాన్ని చూడలేదు. కానీ చూసే ప్రభువు చూశాడు. తన ప్రియ ప్రవక్తనే సుతిమెత్తగా మందలించాడు. ఆ మందలింపు నేటికీ మన నమాజులలో పఠించబడుతున్నది. ఆ అంధుడు హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమ్మె మక్తూమ్ (రజి).

ఈ పేరు దగ్గర కాసేపు ఆగుదాము. అరబ్బులు మనిషిని తండ్రి పేరుతో పిలుస్తారు. ఈయన మాత్రం తల్లి పేరుతో చరిత్రలో నిలిచారు. ఆమె అసలు పేరు ఆతికా. మక్తూమ్ అంటే కప్పబడినవాడు. కన్నులు మూసుకుపోయిన బిడ్డను కన్నందున ఆమెకు ఉమ్మె మక్తూమ్ అనే పిలుపు వచ్చిందని కొందరు పండితులు చెబుతారు. మన ఊళ్ళల్లో అయితే ఆ పిలుపు ఒక ఎత్తిపొడుపు అయ్యేది. “గుడ్డివాడి తల్లి” అని వీధిలో పిలిస్తే ఏ ఆడది తల ఎత్తి నడవగలదు? కానీ ఇస్లాం చరిత్రలో ఆ పేరు ఏమైందో చూడండి. ఆ తల్లి బిడ్డ మదీనాలో హజ్రత్ బిలాల్ (రజి)తో పాటు ముఅజ్జిన్ అయ్యాడు. రమజానులో బిలాల్ (రజి) అజాన్ రాత్రి ఉండగానే వినిపించేది. సహరీ ఆపవలసిన అసలు వేళ తెలిసేది ఉమ్మె మక్తూమ్ కుమారుడి అజాన్‌తోనే. తెల్లవారిందని చుట్టుపక్కలవారు చెబితే ఆయన అజాన్ ఇచ్చేవారు. అంటే కన్నున్నవారు ఆయనకు కన్నయ్యారు, ఆయన వారికి గొంతయ్యారు. దైవప్రవక్త (స) మదీనా విడిచి వెళ్ళినప్పుడు పలుమార్లు నగరంలో తన స్థానే ఆయన్నే నిలిపి వెళ్ళారు. ఖాదిసియా యుద్ధంలో ఆయన పతాకం పట్టి నిలిచారని చరిత్రకారులు రాశారు.

ఒకసారి ఆయనే వచ్చి, తనను చేయి పట్టి తీసుకువచ్చేవారు లేరనీ, ఇంట్లో నమాజు చదువుకోవచ్చునా అనీ అడిగారు. అజాన్ వినిపిస్తుందా అని ప్రవక్త (స) అడిగారు. వినిపిస్తుందంటే, అయితే రావాలన్నారు. ఈ హదీసును మనం జమాఅత్ ప్రాధాన్యానికి ఆధారంగా ఎన్నోసార్లు చెప్పుకున్నాము. మాకు ఇప్పుడు దానిలో మరొక అర్థం కూడా తోస్తున్నది: నువ్వు లేకపోతే ఈ జమాఅత్‌కు లోటే అన్నట్టు. రావాలని ఆయనకు చెప్పినప్పుడు, తీసుకురావలసిన బాధ్యత ఎవరి మీద పడిందో ఆలోచించండి.

ఇప్పుడు తల్లుల విషయం. బిడ్డ ఏదో ఒక లోపంతో పుట్టగానే మన ఇళ్ళలో మొదట జరిగేది విచారణ. ముద్దాయి తల్లి. ఆమె ఏం తిన్నది, ఎవరి ముఖం చూసింది, ఏ చెట్టు కిందికి వెళ్ళింది, ఎవరి నజర్ తగిలింది! గ్రహణం నాడు కత్తిపీట పట్టి కూరగాయ కోసిందట, అందుకే బిడ్డ పెదవి చీలిందట. మన తెలుగులో ఆ చీలికకు పేరే గ్రహణం మొర్రి. ముస్లిం ఇళ్ళలో కూడా గర్భవతులను గ్రహణం రోజున చీకటి గదిలో పడుకోబెట్టటం మేము స్వయంగా చూశాము. దైవప్రవక్త (స) పసికుమారుడు ఇబ్రాహీం (రజి) హిజ్రీ 10లో మరణించిన రోజు సూర్యగ్రహణం పట్టింది. ఆ బిడ్డ చనిపోయినందుకే గ్రహణమని జనం అనుకోసాగారు. పుత్రశోకంలో ఉన్న తండ్రి ఆ మాటను సాగనివ్వలేదు. సూర్యచంద్రులు ఎవరి పుట్టుక కోసమూ, ఎవరి చావు కోసమూ గ్రహణం పట్టవనీ, అవి అల్లాహ్ సూచనలు మాత్రమేననీ తేల్చి చెప్పారు. ఆ ప్రవక్త ఉమ్మత్‌లో ఒక కోడలిని గ్రహణం పేరుతో నిందించటం ఎంత సిగ్గుచేటు! పైగా గ్రహణం మొర్రి శస్త్రచికిత్సతో సరిదిద్దగలిగేదే. నిందకు చేసే కాలంలో సగం ఆసుపత్రికి వెచ్చిస్తే ఆ బిడ్డ నవ్వు నిండుగా ఉంటుంది.

ఇటువంటి నింద తరువాత కొందరు భర్తలు మరో మెట్టు దిగుతారు. ఆమెను పుట్టింటికి పంపుతారు, “నీ కడుపు అటువంటిది” అంటారు. మరి మీ వంశపు రక్తం ఆ బిడ్డలో లేదా? మేనరికాలు, దగ్గరి బంధువుల పెళ్ళిళ్ళు మనలో ఎక్కువ. షరీఅత్‌లో అవి ధర్మసమ్మతమే. అయితే ధర్మసమ్మతమైనదల్లా తప్పనిసరి కాదు. ఇద్దరిలోనూ ఒకే లోపం దాగి ఉంటే అది పిల్లల్లో బయటపడే అవకాశం పెరుగుతుందని వైద్యులు చెబుతున్నారు. కుటుంబంలో ఇదివరకే పుట్టుచెవిటితనమో, రక్తవ్యాధో ఉంటే, తరువాతి సంబంధం కుదుర్చుకొనే ముందు వైద్యుని సలహా తీసుకోండి. ఇది రేపటి పెళ్ళిళ్ళకు చెబుతున్న మాట. ఈ రోజు బిడ్డను సాకుతున్న ఏ తల్లినీ తండ్రినీ పొడవటానికి దీనిని వాడవద్దు.

మా దగ్గరకు పిల్లలను దమ్ చేయించటానికి తెస్తారు. ఫాతిహా చదివి ఊదుతాము, దుఆ చేస్తాము; అది సున్నత్, దానిలో మాకు సందేహం లేదు. కానీ నాలుగైదు నెలలు వచ్చినా మెడ నిలపని బిడ్డను, పళ్ళెం కింద పడ్డా ఉలిక్కిపడని బిడ్డను, ఏడాది దాటినా కూర్చోలేని బిడ్డను నెలల తరబడి మా దగ్గరికి, అక్కడి నుండి ఒక దర్గాకు, దేగ్లూర్ అవతల మరెవరి దగ్గరికో తిప్పటం చూస్తే గుండె బరువెక్కుతుంది. మాట నేర్చే వయసు ఒకటి ఉంటుంది. వినికిడి లేని బిడ్డకు ఆ వయసులోనే యంత్రమో, కాక్లియర్ శస్త్రచికిత్సో అందితే మాట వస్తుంది. ఆ శస్త్రచికిత్స చిన్నపిల్లలకు ఆరోగ్యశ్రీ కింద ఉంది. ఏడేళ్ళకు వెళితే వైద్యుడు కూడా నిస్సహాయంగా చూస్తాడు. చికిత్స చేయించుకొమ్మని దైవప్రవక్త (స) స్వయంగా ఆదేశించారు. కనుక దమ్ చేయించిన రోజే ఆసుపత్రికీ బయలుదేరండి. ఇక మీదట మా దగ్గరకు అటువంటి బిడ్డను తెస్తే, ముందు వైద్యుని చీటీ అడుగుతాము. కోపగించుకోకండి.

ఎక్కడికి వెళ్ళాలి? బాన్సువాడ, కామారెడ్డి, నిజామాబాద్ అంటూ బస్సులు మారి తిరిగినవారికి ఈ ప్రశ్న బరువు తెలుసు. జిల్లా స్థాయిలో పసిపిల్లల లోపాలను తొందరగా గుర్తించే ప్రభుత్వ కేంద్రాలు ఉన్నాయి. అంగన్‌వాడీలకూ బడులకూ వచ్చే బాల ఆరోగ్య బృందాలు వారిని అక్కడికి పంపుతాయి. మండల స్థాయిలో విద్యాశాఖ నడిపే భవిత కేంద్రాలున్నాయి. అక్కడ ఫిజియోథెరపీ చేయిస్తారు, పాఠం చెబుతారు, కదలలేని పిల్లల ఇంటికి ఉపాధ్యాయులు వచ్చే ఏర్పాటు కూడా ఉంది. బుద్ధిమాంద్యం, ఆటిజం వంటి వాటికి సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984లో నెలకొల్పిన జాతీయ సంస్థ ఉంది. నీపిడ్ అంటారు. మన దేశం నలుమూలల నుండి తల్లిదండ్రులు అక్కడికి వస్తారు; మనం మాత్రం అంత దగ్గర ఉండి కూడా దాని పేరు వినలేదు.

కాగితాల గురించి కూడా మింబర్ మీద చెప్పాలా అని ఎవరికైనా అనిపించవచ్చు. చెప్పాలి. హక్కును వదులుకోవటం సహనం కాదు. 2016లో పార్లమెంటు చేసిన దివ్యాంగుల హక్కుల చట్టం, 2017 ఏప్రిల్ నుండి అమలులో ఉన్నది, 21 రకాల వైకల్యాలను గుర్తించింది. వాటిలో మూర్ఖత్వానికీ, జిన్నుకూ ముడిపెట్టి మనం పక్కన పెట్టిన ఆటిజం ఉంది, తలసేమియా ఉంది. 40 శాతం, అంతకు మించిన వైకల్యమున్న బిడ్డకు 6 నుండి 18 ఏళ్ళ వరకు ఉచిత విద్య హక్కు. పక్క వీధి బడిలోనైనా సరే, ప్రత్యేక పాఠశాలలోనైనా సరే. “ఇటువంటి పిల్లవాణ్ణి చేర్చుకోము” అనే అధికారం ఏ ప్రధానోపాధ్యాయునికీ లేదు, మన మక్తబ్ నడిపే వారికీ ఉండకూడదు. ఇవన్నీ అందాలంటే వైకల్య ధ్రువపత్రం కావాలి, దేశమంతటా చెల్లే యూడీఐడీ కార్డు కావాలి. పేరు నమోదు చేసుకొని, ఇచ్చిన తేదీన శిబిరానికి వెళ్ళాలి. మన రాష్ట్రంలో దివ్యాంగుల పింఛను 2023 జూలైలో నెలకు 4,016 రూపాయలకు పెరిగింది. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యం ఉన్నవారికి కేంద్రం నిరామయ అనే ఆరోగ్య బీమా నడుపుతున్నది. లక్ష రూపాయల వరకు వైద్య ఖర్చు దాని కింద వస్తుంది. ఈ కాగితాలు చేయించటంలో చదువురాని తండ్రి ఎంత నలిగిపోతాడో మాకు తెలుసు. ఒక శిబిరంలో ఉదయం నుండి అసర్ దాకా బిడ్డను ఒళ్ళో పెట్టుకొని కూర్చొని, చివరికి ఒక సంతకం తక్కువైందని వెనుదిరిగిన తల్లి వెంట మేమూ ఉన్నాము. ఆమె ఏడవలేదు. ఆ తరువాతి శిబిరానికి మళ్ళీ వెళ్ళింది.

ఇంతకంటే పెద్ద ప్రశ్న మరొకటి ఉంది. మేము ఏ ఇంటికి వెళ్ళినా, చివరకు గుమ్మం దగ్గర తండ్రో తల్లో గొంతు తగ్గించి అడిగేది అదే: “మా తరువాత వీడికి ఎవరు?”

దీనికి తేలిక జవాబు మా దగ్గర లేదు. కానీ కహఫ్ సూరాలో ఒక గోడ కథ ఉంది, గుర్తు చేసుకోండి. మూసా (అలైహిస్సలాం), ఖిజ్ర్ (అలైహిస్సలాం) ఒక ఊరికి వెళితే ఆ ఊరివారు అన్నం కూడా పెట్టలేదు. అయినా ఖిజ్ర్ (అ) అక్కడ కూలబోతున్న ఒక గోడను కూలి అడగకుండా నిలబెట్టారు. ఆ గోడ కింద ఇద్దరు అనాథ బాలుర నిధి ఉంది. వారి తండ్రి సజ్జనుడు, చనిపోయాడు. ఆ పిల్లలు పెద్దవారయ్యే వరకు నిధి బయటపడకూడదని అల్లాహ్ సంకల్పించాడు. ఆ తండ్రి చనిపోయే నాటికి ఆ గోడను ఎవరు కాపాడతారో అతనికి తెలియదు. ఎక్కడి నుండో ఇద్దరు బాటసారులు వచ్చారు. మీ బిడ్డ గోడను నిలిపేవారిని అల్లాహ్ ఎక్కడి నుండి తెస్తాడో మీకు తెలియదు. కానీ గోడ కింద నిధి పెట్టవలసింది మీరే. అందుకు తదబీర్ కూడా చేయాలి.

మన ఊళ్ళల్లో జరిగేదేమిటంటే, ఆస్తి పంపకాల్లో మతిలేని తమ్ముడి వాటా అన్నల చేతుల్లో కలిసిపోతుంది. “వాడికి ఎందుకు, మేమే చూసుకుంటాము కదా” అంటారు. చూసుకోవటం రెండేళ్ళు. భూమి మాత్రం శాశ్వతం. సోదరులారా, వారసత్వపు వాటాలను అల్లాహ్ లెక్కగట్టి ఇచ్చాడు. తెలివి తక్కువైన కొడుకు వాటా తెలివైన కొడుకు వాటాకు సమానం. కాళ్ళు లేని కూతురి వాటా కాళ్ళున్న కూతురి వాటాకు సమానం. తన ధనాన్ని తాను నిర్వహించుకోలేనివాడి సొమ్మును వాడి చేతికి ఇవ్వకుండా, ఆ సొమ్ములోనే తిండీ బట్టా సమకూర్చి, వాడితో మంచిగా మాట్లాడమని నిసా సూరా ఆదేశించింది. సంరక్షకుడు కాపలాదారు మాత్రమే, యజమాని కాడు. జీవించి ఉండగా కానుకలిచ్చేటప్పుడు సంతానం మధ్య సమానత పాటించాలి. అయితే దీర్ఘవ్యాధి, వైకల్యం వంటి నిజమైన అవసరముంటే ఆ బిడ్డకు ఎక్కువ ఇవ్వవచ్చునని ఫుకహా చెప్పారు. మిగతా పిల్లలను కూర్చోబెట్టి, ఎందుకు ఇస్తున్నారో చెప్పి ఇవ్వండి. దాచి ఇస్తే అన్నదమ్ముల మధ్య పగ మిగులుతుంది. దేశ చట్టం ప్రకారం బిడ్డకు 18 ఏళ్ళు నిండగానే తల్లిదండ్రుల సంరక్షకత్వం తనంతట తాను సాగదు. 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద, కలెక్టర్ ఉండే స్థానిక కమిటీకి దరఖాస్తు చేసుకొని సంరక్షకుణ్ణి నియమింపజేసుకోవచ్చు. తల్లిదండ్రులు బతికుండగానే చేయవలసిన పని ఇది.

ఇక ఆ ఇళ్ళలోని మిగతా పిల్లలు. తమ్ముడు వెనుక గదిలో ఉన్నాడని అక్క సంబంధాలు చెడిపోతున్నాయి. చూపులకు వచ్చేవారి కంట పడకుండా ఆ పిల్లవాణ్ణి పక్కింట్లో దాచే దుస్థితి తెచ్చినది ఎవరు? అడిగి వెళ్ళే మనమే. ఇంట్లో అటువంటి తమ్ముడిని శుభ్రంగా, ప్రేమగా సాకిన పిల్లకంటే మంచి కోడలు మీకు ఎక్కడ దొరుకుతుంది? ఈ మాట మేము ఒక పెళ్ళిచూపుల్లో అంటే వారు మా ముఖం చూసి నవ్వి ఊరుకున్నారు. మళ్ళీ అంటాము.

పిలుపుల గురించి ఒక్క మాట. లంగ్డా, గూంగా, కుంటోడు, మూగోడు. ఒకరినొకరు చెడ్డ పేర్లతో పిలవటాన్ని ఖుర్ఆన్ నిషేధించింది. మా మదరసా రోజుల్లో పోలియో సోకిన సహాధ్యాయి ఒకడుండేవాడు. మా అందరికంటే ముందు హిఫ్జ్ పూర్తి చేసింది అతడే. మేము మాత్రం చాలాకాలం అతణ్ణి అసలు పేరుతో పిలవలేదు. అల్లాహ్ మమ్మల్ని క్షమించుగాక.

మదీనాలో మతి కొంత చలించిన స్త్రీ ఒకామె ఉండేది. ఆమె దైవప్రవక్త (స)తో తనకు పని ఉందన్నది. ఏ వీధిలో కావాలంటే ఆ వీధిలో నిలబడి వింటానని ఆయన ఆమెకు చెప్పి, ఆమె మాట ముగిసే వరకు బాట పక్కన నిలబడి విన్నారు. రాజ్యం నడిపే మనిషికి అంత తీరిక ఎక్కడిది? తీరిక చేసుకున్నారు. మీ వీధిలో అటువంటి బిడ్డను సాకే తల్లికి వారంలో రెండు గంటల తీరిక ఇవ్వండి. “వదినా, నేను కూర్చుంటాను, నువ్వు బజారుకు వెళ్ళిరా” అనండి. వలీమాకు పిలిచేటప్పుడు బిడ్డను కూడా పేరు పెట్టి పిలవండి. అంధులూ, కుంటివారూ, రోగులూ ఇతరులతో కలిసి భోంచేయటంలో తప్పు లేదని నూర్ సూరా చెప్పిందంటే, ఆ రోజుల్లోనూ వారిని పక్కన కూర్చోబెట్టుకోవటానికి సంకోచాలు ఉండేవని తెలుస్తున్నది.

ఉమయ్యద్ ఖలీఫా వలీద్ బిన్ అబ్దుల్ మలిక్ (705–715) ప్రతి అంధుడికీ దారి చూపే మనిషినీ, నడవలేని ప్రతివాడికీ సేవకుణ్ణీ బైతుల్ మాల్ ఖర్చుతో ఏర్పాటు చేశాడు. మన దగ్గర బైతుల్ మాల్ లేదు. మస్జిద్ మెట్లు ఉన్నాయి. అవి మూడు. చక్రాల కుర్చీ ఆ మూడు మెట్ల దగ్గరే ఆగిపోతుంది. వుజూ దగ్గర ఒక కుళాయి కూర్చొని అందుకొనే ఎత్తులో లేదు.

యా అల్లాహ్! రాత్రుళ్ళు బిడ్డను పక్కలు మార్చుతూ నిద్ర లేని తల్లుల అలసటను ఇబాదత్‌గా స్వీకరించు. ఆ తండ్రుల సంపాదనలో బర్కత్ ప్రసాదించు. మాటలు రాని నీ దాసుల కేకలను మా మౌనం కంటే ముందు ఆలకించు. ఆమీన్.

ఇఖామత్‌కు ముందు రెండు విషయాలు. నమాజు తరువాత యూడీఐడీ నమోదు కోసం వరండాలో మన యువకులు ఇద్దరు కూర్చుంటారు. ఆధార్, ఫోటో, పాత వైద్య కాగితాలు ఉంటే తెండి, లేకపోయినా రండి. మెట్ల పక్కన వాలు కట్టటానికి మేస్త్రీతో మాట్లాడాము, సిమెంటు ఇచ్చేవారు కమిటీకి పేరు చెప్పండి. రెండవ వరుస కుడి చివర ఒక తండ్రీ, ఆయన కుమారుడూ కూర్చొని ఉన్నారు. ఆ బాబు నమాజులో కేక వేయవచ్చు. ఎవరూ వెనుదిరిగి చూడవద్దు. వరుసలు సరిచేసుకోండి.